రోజూ జేబులో ఉండే మడత చాకును ఎంచుకునే పద్ధతి

మడత చాకు కొనదలచినవారు దుకాణానికి వెళ్లే ముందు, ఒక వారం పాటు తమకు ఏయే వస్తువులు కోయవలసి వచ్చిందో కాగితం మీద రాసుకోవాలని నా సలహా. అనంతపురం జిల్లాలో చీనీ (బత్తాయి) తోట, దాని పక్కనే వేరుశనగ చేను ఉన్న మా ఇంట్లో అలా రాసి చూస్తే తేలినవి ఇవి: గోనెసంచి మూతికి వేసిన పురికొస కుట్టు, డ్రిప్పు పైపు, ఎరువుల ప్లాస్టిక్ సంచి, చీనీ చెట్టులోని సన్నని ఎండుపుల్లలు, మధ్యాహ్నం నీడన కోసుకునే కాయ. వీటిలో ఏ ఒక్క పనికీ 9 సెంటీమీటర్లను మించిన బ్లేడు అవసరం లేదు. ఫ్రాన్సు దేశపు ఒపినెల్ కంపెనీ చాకుల్లో బాగా పేరున్న 8వ నంబరుకు బ్లేడు పొడవు 8.5 సెంటీమీటర్లు, స్విట్జర్లాండు విక్టోరినాక్స్ వారి మధ్యరకం చాకులు మూసినప్పుడు 91 మిల్లీమీటర్లు ఉంటాయి. చొక్కా జేబులోనో లుంగీ మడతలోనో బరువు తెలియకుండా ఇమడడానికి ఈ కొలతలే సరిపోతాయి.

పొడవు తేలిన తర్వాత ఎక్కువసేపు ఆలోచించవలసింది ఉక్కు గురించి. కార్బన్ ఉక్కు సానరాయి మీద త్వరగా పదునెక్కుతుంది, అందువల్ల పాతకాలపు చాకులను ఇష్టపడేవారు దానినే కోరుకుంటారు. అయితే అనంతపురంలో సంవత్సర సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లే కాబట్టి ఇక్కడ తుప్పు భయం లేదనుకోవడం పొరపాటు, ఎందుకంటే మన చాకుకు శత్రువు గాలిలోని తేమ కన్నా చేతి చెమట, చీనీ రసంలోని పులుపు. ఒకసారి నేను కార్బన్ ఉక్కు చాకుతో నాలుగు కాయలు కోసి, తుడవకుండానే మడిచి జేబులో వేసుకున్నాను; మర్నాడు తెరిచి చూస్తే బ్లేడంతా నల్లని మచ్చలు, వాదర (కోసే అంచు) దగ్గర సన్నని గుంటలు కనిపించాయి, ఆ గుంటలు పోయేదాకా నూరడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. అప్పటి నుంచి తోట ఉన్నవారందరికీ నేను స్టెయిన్‌లెస్ ఉక్కునే సూచిస్తున్నాను. కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉన్న ఈ ఉక్కు కూడా పూర్తిగా తుప్పు పట్టనిది కాదు గాని, ఒక పూట మరచిపోయినా మన్నిస్తుంది. ఒపినెల్ చాకు కొనేవారు బ్లేడు మీద ‘ఇనాక్స్’ అన్న మాట ఉందో లేదో చూసుకోవాలి. ఆ మాట ఉంటే అది స్టెయిన్‌లెస్ రకం.

బంక తెగులు సోకిన చీనీ బెరడును గీకి బోర్డో పేస్టు పూసే పనికి ఈ చాకును వాడవద్దని గట్టిగా చెబుతున్నాను. ఆ పేస్టులోని మైలుతుత్తం ఉక్కును తినేస్తుంది, పైగా తెగులు తగిలిన బెరడును గీకిన బ్లేడుతో పండు కోసుకోవడం ఎంతమాత్రం తగదు. దానికి వేరే పాత కత్తి ఉంచుకోవాలి.

ఇక తెరిచిన బ్లేడు పని మధ్యలో వేళ్ల మీదికి మూసుకోకుండా ఆపే ఏర్పాటు. విక్టోరినాక్స్ చిన్న చాకుల్లో తాళం ఉండదు, వెన్ను వైపు ఉన్న స్ప్రింగు ఒత్తిడే బ్లేడును నిలుపుతుంది. పండ్లకూ కాగితాలకూ ఇది చాలు. పైపునో పుల్లనో మొనతో నెట్టి కోసే అలవాటున్నవారికి మాత్రం తాళం అవసరం. ఒపినెల్ వారు 1955 నుంచి వాడుతున్న, పిడి కొసన తిప్పితే బ్లేడును కదలకుండా ఆపే తిప్పుడు ఉంగరం నాకు అన్నింటిలోకీ నచ్చిన ఏర్పాటు, ఎందుకంటే అందులో ఎర్రమట్టి దుమ్ము చేరినా తుడిస్తే పోతుంది. అయితే దాని చెక్క పిడి నీటిలో నానితే ఉబ్బి, బ్లేడును గట్టిగా పట్టేస్తుంది. పిడి లోపలి రేకు పక్కకు జరిగి బ్లేడును ఆపే రకాన్ని ఒంటి చేత్తోనే తెరిచి మూయవచ్చు, కనుక ఎడమ చేత సంచి మూతి పట్టుకొని పనిచేసేవారికి అది అనుకూలం. మూసేటప్పుడు బొటనవేలు బ్లేడు దారిలో ఉంటుందని మాత్రం మరవకూడదు.

రంపపు పళ్ల వాదర పురికొసను ఇట్టే తెంపుతుంది, కాని మన సానరాళ్ల మీద దానికి పదును పెట్టలేము. సాదా వాదరే మేలు. రంగు, నగిషీ మీ ఇష్టం.

బటను నొక్కగానే ఎగిరి తెరుచుకునే చాకులను నేను సిఫారసు చేయను. 9 అంగుళాల కన్నా పొడవైన లేదా 2 అంగుళాల కన్నా వెడల్పైన బ్లేడు గల కత్తులను, ఇంటి పనికీ వ్యవసాయానికీ శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకూ తయారుచేసినవి తప్ప, 2016 నాటి ఆయుధ నియమాలు ఆయుధాలుగానే లెక్కిస్తాయి. మన చాకు ఆ కొలతకు చాలా లోపలే ఉంటుంది. అయినా కక్షల వల్ల ఎన్నో కుటుంబాలు నష్టపోయిన ఈ సీమలో, పదిమంది మధ్య టక్కున తెరుచుకునే కత్తి ఎదుటివారికి కలిగించే భయాన్ని మనం గౌరవించాలి. రెండు చేతులతో నెమ్మదిగా తెరిచే చాకు పనిముట్టుగానే కనిపిస్తుంది. విమానం ఎక్కేవారు దానిని చేతిసంచిలో ఉంచుకోకూడదు, చెక్-ఇన్ సామానులో పెట్టాలి.

దుకాణంలో చాకును తెరిచి, పిడిని ఒక చేత్తో బిగించి, మరో చేత్తో బ్లేడు వెన్నును పట్టుకొని అటూ ఇటూ కదిపి చూడండి. కీలు దగ్గర ఊగులాట తెలిస్తే పక్కన పెట్టేయండి. మూసినప్పుడు బ్లేడు పిడికి సరిగ్గా నడుమ ఉండాలి, ఏ పక్కకూ రాసుకోకూడదు. చివరగా పిడిని గుప్పిట బిగించి, కోస్తున్నట్టు చేయి ఆడించండి. చిటికెన వేలికి చోటు దొరకని పిడి పది నిమిషాల పనిలోనే చేతిని నొప్పి పెడుతుంది.

ఇంటికి తెచ్చాక, పదును తగ్గినప్పుడు బ్లేడును రాయి మీద నిటారుగా నిలిపి, అందులో సగం వంచి, మళ్లీ ఆ సగంలో సగానికి దించితే సుమారు 22 డిగ్రీల కోణం వస్తుంది. అదే కోణంలో రెండు వైపులా సమానంగా నూరాలి. కీలుకు ఇంట్లో ఉన్న వేరుశనగ నూనె వేయకండి, అది కొన్నాళ్లకు జిగటగా మారి దుమ్మును పట్టుకుంటుంది. కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసి, పది సార్లు తెరిచి మూసి, పైకి వచ్చిన నూనెను పాత గుడ్డతో శుభ్రంగా తుడిచిన తర్వాతే పండు కోయండి.