తిరువయ్యారు ఆరాధనకి మొదటిసారి వెళ్తున్నారా?

ముందు తేదీ చూసుకోండి. వాగ్గేయకారుడు త్యాగయ్య వర్ధంతికి జరిగే త్యాగరాజ ఆరాధన పుష్య బహుళ పంచమి నాడు, అంటే ఎక్కువగా జనవరిలో వస్తుంది, కానీ ఏటా మారుతుంది కాబట్టి పంచాంగం చూశాకే రైలు టికెట్ తీసుకోండి. తంజావూరులో బస చేస్తే మంచిది, అక్కడి నుంచి తిరువయ్యారు 13 కిలోమీటర్లే.

పంచమి ఉదయం పంచరత్నాల గోష్ఠిగానం, అంటే త్యాగయ్య అయిదు పంచరత్న కీర్తనల్ని అందరూ కలిసి పాడటం ఉంటుంది. తెల్లవారేసరికే అక్కడుండండి, ఆలస్యమైతే పందిట్లో చోటు దొరకడం కష్టం. నేలమీద కూర్చోవాలి కాబట్టి చిన్న చాప, నీళ్ల సీసా, మోకాళ్ల నొప్పులుంటే మెత్తని దిండు తెచ్చుకోండి. అయిదింటి సాహిత్యం ముందే నేర్చుకుని వెళ్లండి. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, ఇదీ రాగాల వరుస. కావేరి ఒడ్డున వందల గొంతులు ఒక్కసారిగా మన తెలుగు పాడుతుంటే ఊరికే వినడం వేరు, గొంతు కలపడం వేరు! టికెట్ లేదు, పెద్ద విద్వాంసుల పక్కనే కొత్తగా నేర్చుకునేవాళ్లూ కూర్చుంటారు, ఈ పద్ధతి ఎప్పటికీ మారకూడదు.

మెరుగుపడాల్సింది మాత్రం ఉంది. ఇంత జనం చేరే ఏ ఉత్సవానికైనా ఆడవాళ్లకి శుభ్రమైన మరుగుదొడ్లు, పెద్దవాళ్లకి కుర్చీలు, బయటికి వెళ్లే దారి ఖాళీగా ఉండటం ముఖ్యం. తెలుగులో దారి చూపే బోర్డులు పెడితే మనవాళ్లకి సగం టెన్షన్ తగ్గుతుంది. గానం జరుగుతున్నంతసేపూ ఫోన్ పైకెత్తి వెనకవాళ్లకి అడ్డం పెట్టకండి, దయచేసి.

త్యాగయ్య సమాధి మందిరం కట్టించిన గాయని బెంగళూరు నాగరత్నమ్మ గారి సమాధి కూడా అక్కడే ఉంది, తప్పకుండా నమస్కరించుకుని రండి.