రోహిణి కార్తెలోనే ఇంకుడు గుంత మూత తీయండి

పోయినేడాది మే నెలాఖరులో మా అపార్ట్‌మెంట్ ఇంకుడు గుంత మూత తీయించాం. కట్టించి ఆరేళ్లయింది, మధ్యలో ఒక్కరూ తీసి చూసిన పాపాన పోలేదు. లోపల అరచేతి మందాన నల్లటి మట్టి పొర. ఎండిపోయి పెంకుల్లా లేచింది. దాని మీద ఒక బకెట్ నీళ్లు పోయించాను. వాచ్‌మన్ వెళ్లి టీ తెచ్చినా ఆ నీళ్లు అలాగే ఉన్నాయి! ఆరేళ్లుగా మేం గొప్పగా చెప్పుకుంటున్న ఇంకుడు గుంత నిజానికి ఒక సిమెంటు తొట్టి. ఎవరో ఫ్లాట్‌లో టైల్స్ మార్పించినప్పుడు సిమెంటు నీళ్లు కూడా అందులోకే వదిలారని ఆ తర్వాత తెలిసింది.

అందుకే మొదటి మాట ఇదే. మృగశిర జూన్ 8 ప్రాంతంలో వస్తుంది, వానలూ దాదాపు అప్పుడే మొదలవుతాయి. ఈలోపే, అంటే రోహిణి ఎండల్లోనే, గుంత తెరవాలి. పైన ఉండే దొడ్డు ఇసుక పొరను పూర్తిగా తీసేసి కొత్తది వేయించండి. కింద 40 ఎంఎం కంకర, దాని మీద 20 ఎంఎం కంకర ఉంటాయి. వాటికి బురద పట్టి ఉంటే బయటికి తీసి కడిగించాల్సిందే. కంకర బదులు క్రషర్ డస్ట్ (రాతి పొడి) పోస్తామని మేస్త్రీ అంటే ఒప్పుకోకండి, అది నాలుగు వానలకే బిగుసుకుపోతుంది. గుంతను అంచు దాకా నింపనివ్వొద్దు, పై పావు వంతు ఖాళీగా ఉండాలి. గుంతకు ముందు జాలీతో ఒక చిన్న చాంబర్ కట్టిస్తే ఆకులు, మట్టి అక్కడే ఆగిపోతాయి. ఏటా శుభ్రం చేయాల్సింది అప్పుడు ఆ చాంబర్‌నే. గుంత జోలికి మూడు నాలుగేళ్లకోసారి వెళ్తే చాలు.

ఇప్పుడు కాస్త లెక్క. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. మా డాబా 1,800 చదరపు అడుగులు, అంటే సుమారు 167 చదరపు మీటర్లు. ఒక సాయంత్రం ఐదు సెంటీమీటర్ల వాన పడితే పైపుల్లోంచి 8,000 లీటర్లకు పైగా దిగుతాయి. ఏప్రిల్‌లో డబ్బులిచ్చి తెప్పించుకున్న 5,000 లీటర్ల ట్యాంకర్ ఒకటిన్నర అన్నమాట. మరి నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు గుంతలో ఎన్ని పడతాయి? కంకర సందులూ పైన ఖాళీ అంతా కలిపినా 1,500 లీటర్లు దాటదు. ఇంకే వేగాన్ని బట్టి ఇంకొంత లాగుతుంది, అంతే. మిగతాది ఎటు పోవాలో మీరు ముందే నిర్ణయించకపోతే అది సెల్లార్ ర్యాంపు వెతుక్కుంటుంది.

చాలామంది ఇక్కడే పెద్ద తప్పు చేస్తారు. డాబా పైపును తీసుకెళ్లి డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లో కలిపేస్తారు. ఆ లైను బాత్‌రూమ్, వంటింటి నీళ్ల కోసం వేసింది. పెద్ద వానకు అది నిండిపోయి, గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ల బాత్‌రూమ్‌లోంచి వెనక్కి తన్నుతుంది. మీ ఇంట్లో అలా కలిపి ఉందేమో ఈ వారమే చూడండి. డాబా మీద రెండు బకెట్ల నీళ్లు పోసి మ్యాన్‌హోల్ దగ్గర చెవి పెడితే తెలిసిపోతుంది. మూత మాత్రం ఎత్తకండి, ఆ పని డ్రైనేజీ సిబ్బందికి వదిలేయండి.

గుంతలో పట్టని నీళ్లకు నేను చూసిన మంచి దారి మొక్కల మడే, కానీ మనం కట్టుకునే పద్ధతిలో కాదు. మన దగ్గర మడి అంటే చుట్టూ ఇటుకలు పేర్చి, ఎర్రమట్టి నింపి, నేలకంటే అడుగు ఎత్తున కడతాం. వాన పడితే ఆ మట్టే కారి వాకిలంతా ఎర్రగా అవుతుంది. ఆ పద్ధతిని తిరగేయాలి. మడి నేలకంటే అర అడుగు లోతుగా ఉండాలి, వాకిలి వాలు దాని వైపు ఉండాలి, అంచు రాళ్లలో జానెడు సందు వదలాలి. నీళ్లు తొట్టిలోకి దిగినట్టు దిగుతాయి. మేం గేటు పక్కన పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పుతో తవ్వించింది ఒక్కటే 850 లీటర్లు పట్టుకుంటోంది. అందులో మెట్టతామర, నిమ్మగడ్డి, వట్టివేరు పెట్టాం. రెండ్రోజులు నీళ్లలో నిలబడ్డా, ఆ తర్వాత పది రోజులు వాన లేకపోయినా బతికే రకాలు ఇవి. కార్పెట్ గడ్డి మీద నాకు నమ్మకం లేదు. చూడ్డానికి పచ్చగా ఉంటుంది, కింద మట్టి మాత్రం తొక్కి తొక్కి గట్టిపడి ఉంటుంది.

ఒక హెచ్చరిక. ఇలాంటి మడి పునాదికి పదడుగుల దూరంలో ఉండాలి, సంప్‌కు కూడా దూరంగా ఉండాలి. 200 గజాల ఇంట్లో ఐదడుగుల సెట్‌బ్యాక్‌లో (ఇంటికీ ప్రహరీకీ మధ్య వదిలే ఖాళీలో) పదడుగులు ఎక్కడినుంచి తెస్తాం? లేకపోతే మానేయండి, గేటు దగ్గర మూల దొరికితేనే చేయండి. గోడకు ఆనించి తవ్వితే ఇంటికి చెమ్మ ఎక్కుతుంది.

నేల కూడా చూసుకోవాలి. అడుగు లోతు గొయ్యి తీసి నిండా నీళ్లు పోయండి. అవి ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి పోసిన నీళ్లు మర్నాటికీ కనిపిస్తుంటే అక్కడ మడి, గుంత రెండూ దండగ. హైదరాబాద్‌లో చాలా చోట్ల మొరం కింద గట్టి రాయి తగులుతుంది. నల్లరేగడి నేల ఒకసారి తడిశాక నీళ్లు తాగదు. కృష్ణా డెల్టా ఊళ్లలో వానాకాలం నీటిమట్టం పైపైనే ఉన్న చోట ఇంకడానికి జాగా ఉండదు. అలాంటి చోట్ల పైపు కింద డ్రమ్ములు, పెద్ద సంప్ మేలు.

పేవర్ బ్లాకుల సంగతి చిన్నదే. కింద కాంక్రీటు వేసి సందుల్లో సిమెంటు పూస్తే అవి కూడా గచ్చుతో సమానం. ఇసుక మీద పరిచి, సందుల్లో చిన్న కంకర నింపితే నీళ్లు దిగుతాయి. చెట్టు మొదలు చుట్టూ కనీసం మీటరు మేర సిమెంటు పగలగొట్టించండి. వేళ్లు ఊపిరాడక బలహీనపడ్డ చెట్టే మొదటి ఈదురుగాలికి కారు మీద పడేది. కరెంటు తీగలను తాకే కొమ్మలను మీరు కొట్టకండి, విద్యుత్ సిబ్బందికి చెప్పండి.

మొదటి వాన నీళ్లను గుంతలోకి పంపొద్దు. వేసవంతా డాబా మీద పేరుకున్న దుమ్ము, పావురాల రెట్ట వాటిలోనే వస్తాయి. పైపుకు పక్కదారి పెట్టి ఓ ఇరవై నిమిషాలు వదిలేయండి. వడపోత లేకుండా బోరులోకి నేరుగా వదలడం, పార్కింగ్‌లో ఆయిల్ మరకలు కడిగిన నీళ్లను గుంతలోకి తోయడం ఈ ఏడాదితో ఆపేయండి.

ఇవన్నీ రెండు నుంచి ఐదు సెంటీమీటర్ల మామూలు వానల కోసం. 2000 ఆగస్టులో బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్లు, 2020 అక్టోబరులో ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లు పడ్డాయి. చైనాలో నగరాలను వాన నీళ్లు పీల్చుకునే స్పాంజిలా తీర్చిదిద్దుతామని భారీగా ఖర్చు పెట్టారు, జెంగ్‌జౌ నగరం కూడా అందులో ఉంది. 2021 జులై 20న అక్కడ గంటలోనే 20 సెంటీమీటర్లు కురిసేసరికి ఊరు మునిగింది. అలాంటి రోజున మొక్కల మడి మీద ఆశలు పెట్టుకోకండి. సెల్లార్‌లో కరెంటు పైనుంచే ఆపేయాలి, బండి కోసమని ఎవరూ కిందికి దిగకూడదు. ర్యాంపు మొదట్లో అడ్డంగా ఒక గట్టు, సంప్ మూత నేలకంటే ఎత్తులో ఉండడం మాత్రం మే నెలలోనే చూసుకోవాల్సిన పనులు. వరద నీళ్లు సంప్‌లో కలిస్తే ఖాళీ చేసి, కడిగి, క్లోరిన్ వేసేదాకా వాడకండి.

మొదటి పెద్ద వాన పడ్డ మర్నాడు పొద్దున మూత తీసి గుంత, మడి రెండూ చూడండి, ఎంత ఇంకిందో గోడ మీద సుద్దముక్కతో గీత గీయండి. రెండో రోజుకు ఖాళీ అయితే బాగున్నట్టే. మూడో రోజూ నీళ్లుంటే దోమ పిల్లలు కదలాడుతూ కనిపిస్తాయి. వారం పది రోజుల్లో అవి రెక్కలొచ్చి లేస్తాయి కాబట్టి ఆ రోజే మేస్త్రీకి ఫోన్ చేయండి.