వెనక స్పీకర్లు పలకడం లేదా? ప్రాసెసర్ల ధరలు ఆరా తీసే ముందు

హనుమకొండ, కాజీపేట ఇళ్ళల్లో నేను విప్పి బిగించిన హోమ్ థియేటర్లకు లెక్క లేదు. పిలిచినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: "వెనక స్పీకర్లు పలకడం లేదు, ఏ ప్రాసెసర్ మంచిది?" ప్రాసెసర్ అంటే వచ్చిన ధ్వనిని విడదీసి ఏ స్పీకర్‌కు ఏది వెళ్ళాలో తేల్చే పెట్టె. చేతిలో నాలుగు మోడళ్ళ ధరలు రాసుకున్న కాగితం సిద్ధంగా ఉంటుంది. ఇంట్లో ఉన్న రిసీవర్ (టీవీ ధ్వనిని అందుకుని స్పీకర్లను మోగించే పెట్టె) ముందు భాగంలో ఏ అక్షరాలు వెలుగుతున్నాయో మాత్రం ఒక్కరూ చూసి ఉండరు.

మొదట రిసీవర్‌లో టెస్ట్ టోన్ (ఒక్కో స్పీకర్‌నూ విడిగా మోగించే పరీక్ష శబ్దం) పెట్టండి. ఐదు స్పీకర్లూ వంతులవారీగా పలికితే తీగలూ ఆంప్లిఫయరూ బాగున్నట్టే. ఒకటి పలకకపోతే దాని తీగ బిగించి చూడండి.

టోన్ వచ్చి సినిమాలో రావడం లేదంటే దొంగ టీవీలో ఉన్నాడు. టీవీ సౌండ్ మెనూలో డిజిటల్ అవుట్‌పుట్ 'పీసీఎం' అని ఉంటే, ఆప్టికల్ తీగలోనైనా మామూలు ఆర్క్‌లోనైనా (టీవీ ధ్వనిని హెచ్‌డీఎంఐ తీగ గుండా రిసీవర్‌కు పంపే దారి) వచ్చేది రెండు ఛానెళ్ళే, అంటే ఎడమ, కుడి శబ్దాలే. 5.1 ధ్వనిని, అంటే ఐదు స్పీకర్లకూ ఒక సబ్‌వూఫర్‌కూ విడివిడిగా ఉండే ధ్వనిని, టీవీయే రెండుకు కుదించి పంపుతుంది. ఆపైన లక్ష రూపాయల ప్రాసెసర్ పెట్టినా వెనక శబ్దాన్ని అది ఊహించుకోవలసిందే.

ఈ పీసీఎం నన్నూ ఒకసారి ముంచింది. సుబేదారిలో ఒక ఇంట్లో వెనక స్పీకర్లు భేషుగ్గా మోగుతున్నాయి. కానీ ఇంటాయన ఒప్పుకోడు: "తెర మీద వాన పడితే హాలంతా పడాలి కదా, ముందు వినబడేదే వెనకా వినబడుతోంది!" తప్పు రిసీవర్‌దేనని మరొకటి మోసుకుంటూ మూడో అంతస్తు ఎక్కాను. అదీ అంతే. చివరికి తేలిందేమిటంటే, రిమోట్‌లో ఎవరో 'ఆల్ ఛానెల్ స్టీరియో' నొక్కి ఉంచారు. నేను తెచ్చిన దాన్నీ, అన్నీ మోగాలని, నేనే ఆ మోడ్‌లో పెట్టాను. అందులో రెండు ఛానెళ్ళనే అన్ని స్పీకర్లకూ పంచుతుంది కాబట్టి టీవీ పీసీఎంలో ఉందన్న తప్పు బయటపడలేదు.

అందుకే ముందు ఆ మోడ్ తీసేసి 'స్ట్రెయిట్' లేదా 'ఆటో'లో పెట్టండి. తర్వాత టీవీలో పీసీఎం బదులు, ధ్వనిని కుదించకుండా పంపే 'బిట్‌స్ట్రీమ్' లేదా 'పాస్‌త్రూ' ఎంచుకోండి. 5.1 ఉన్న సినిమా పెడితే రిసీవర్ మీద 'డాల్బీ డిజిటల్' అని వెలగాలి. వార్తల ఛానెల్ పెట్టి పరీక్షించకండి మహాప్రభో! సెట్‌టాప్ బాక్స్ మెనూలోనూ ఇదే సెట్టింగ్ విడిగా ఉంటుంది. అప్పటికీ రాకపోతే బాక్సును టీవీకి కాకుండా నేరుగా రిసీవర్‌కు కలపండి. టీవీని ఫ్యాక్టరీ రీసెట్ చేసిన ప్రతిసారీ ఇదంతా మళ్ళీ చూసుకోవాలి.

గుయ్యిమనే మోత వస్తుంటే కేబుల్ టీవీ తీగ పీకి చూడండి, చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. రిసీవర్‌లో 5.1 ధ్వనిని విడదీసే డీకోడర్ చిప్ పోవడం బహు అరుదు.

ఇక ప్రాసెసర్ మార్చడం సంగతి. టీవీ డాల్బీ డిజిటల్ ప్లస్ పంపగలిగితే ఓటీటీ అట్మాస్‌కు (పైనుంచీ శబ్దం వచ్చినట్టు వినిపించే డాల్బీ ధ్వని) మామూలు ఆర్క్ చాలు, రిసీవర్‌కు అట్మాస్ తెలిస్తే సరి. బ్లూరే డిస్కుల్లోని ట్రూహెచ్‌డీ అనే భారీ ధ్వనిని టీవీ గుండా పంపాలంటేనే రెండు వైపులా ఈఆర్క్ (ఆర్క్ కన్నా ఎక్కువ మోయగల రకం) కావాలి. ప్లేయర్‌ను నేరుగా రిసీవర్‌కు కలిపితే అదీ అక్కర్లేదు.