ముసురు పట్టకముందే తాబేలు బరువు చూసుకోండి

ఇంట్లో రొయ్యల మేత సంచి ఉందంటే పెంచుకునే రెడ్ ఇయర్డ్ స్లైడర్ తాబేలు తొట్టెలో కూడా రోజూ గుప్పెడు వేయాలనిపిస్తుంది. వేయకండి. చెరువులో రొయ్య త్వరగా పెరగడానికి చేసిన మేత అది. తొట్టెలో పెద్దగా ఈదే చోటులేని తాబేలుకు అదంతా కొవ్వే. పెరిగిన తాబేలుకు ఆకుకూరలు, నీటిమీద తేలే చిన్న మొక్క అజొల్లా ఎక్కువ పెట్టాలి. తాబేలు పెల్లెట్లయితే ఒక పూటకు దాని తలకాయంత చాలు. రొయ్యలు, చేపల చెరువుల నీరు పారే ఆక్వా డ్రెయిన్లలోంచి తీసిన నాచు మాత్రం వద్దు. పెంపుడు పెద్ద బల్లి ఇగ్వానా అయితే అచ్చంగా ఆకులు తినేది. దానికి మందార ఆకులు పెట్టండి, కోడిగుడ్డు పెట్టకండి.

ఈ జాగ్రత్త జూన్‌లోపే ఎందుకంటే, ముసురు రోజుల్లో కరెంటు పోతుంది, వెచ్చదనానికి పెట్టిన బల్బు ఆరిపోతుంది. ఒళ్లు చల్లబడితే వీటికి అరగదు, తిండి మానేస్తాయి. లావుపాటి జంతువు తిండి మానేస్తే ఒంట్లో దాచుకున్న కొవ్వు కరిగి లివర్‌కు చేరుతుంది. అంత కొవ్వును లివర్ తట్టుకోలేదు. అందుకే లావుగా ఉందని ఉన్నట్టుండి ఉపవాసం పెట్టడం కూడా ప్రమాదమే. మేత కొద్దికొద్దిగా, నెలల మీద తగ్గించాలి. వారానికోసారి గ్రాములు చూపే కాటా మీద తూచి రాసుకోండి. కాళ్లు లోపలికి లాక్కున్నప్పుడు తొడల దగ్గర కండ చిప్పలోంచి బయటికి ఉబ్బుతుంటే కొవ్వు పట్టిందనే అనుమానించాలి.

కరెంటు లేనప్పుడు మేత ఆపండి, బల్బు వెలిగి ఒళ్లు వేడెక్కాకే పెట్టండి. ఇన్వర్టర్‌కు ఇంట్లో ఫ్యాన్ కన్నా ముందు ఆ బల్బును కలపమంటాను, ఎవరేమనుకున్నా సరే.

లివర్ చెడితే మనుషుల్లోలా కళ్లు పసుపెక్కుతాయి, అప్పుడు చూద్దాంలే అనుకోవద్దు. వీటి పిత్తంలో ఎక్కువగా ఉండేది ఆకుపచ్చ రంగు పదార్థం. రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం ఆకుపచ్చగా వస్తే, లేదా బల్బు సరిగ్గా వెలుగుతున్నా మేత ముట్టకుండా మందకొడిగా పడి ఉంటే డాక్టరుకు చూపించాల్సిందే. రక్తపరీక్ష ఒక్కటే తేల్చకపోవచ్చు, స్కానింగ్ కూడా అడగండి. నోట్లో బలవంతంగా కుక్కకండి. బాల్ పైథాన్ అనే పెంపుడు కొండచిలువ సంగతి వేరు. బరువు తగ్గకపోతే అది వారాల తరబడి తినకపోయినా టెన్షన్ అక్కర్లేదు.

మన ఊళ్లలో పశువుల డాక్టర్లు ఎక్కువగా గేదెలు, ఆవులు చూసేవాళ్లే. సరీసృపాలను ఎవరు చూస్తారో గన్నవరం పశువైద్య కళాశాలకు ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కోండి. గోదావరికి వరదొచ్చి దారులు మునిగాక వెతుక్కోలేరు.