స్టెంట్ వేద్దామంటే ఏం అడగాలి

"ఎనభై శాతం బ్లాక్ ఉందమ్మా. స్టెంట్ ఇప్పుడే వేసేద్దామా?" యాంజియోగ్రామ్ (గుండె రక్తనాళాల ఎక్స్‌రే పరీక్ష) గది తలుపు సగం తెరిచి అడిగారు డాక్టరుగారు. నాన్న ఇంకా లోపల బల్ల మీదే ఉన్నారు. స్టెంటంటే మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం. టెన్షన్‌లో సంతకం పెట్టేశాను. ఆ రోజు నేను అడగనివి మీరు అడగండి.

ముందు ఇది గుండెపోటా, కాదా తేల్చుకోవాలి. ఊరికే కూర్చున్న మనిషికి ఛాతీ బిగిసి చెమటలు పడుతుంటే ప్రశ్నలేవీ వద్దు, 108కి ఫోన్ చేయండి. అప్పుడు స్టెంట్ ప్రాణం నిలబెడుతుంది. మా నాన్నది అలా కాదు. రెండో అంతస్తు ఎక్కితే నొప్పి, మెట్ల మీద కాసేపు ఆగితే పోయేది. ఆరు నెలలుగా ఇదే వరస.

సరిగ్గా ఇలా నిలకడగా ఉన్నవాళ్ల మీదే పెద్ద పరిశోధనలు జరిగాయి. 2007 నాటి 'కరేజ్'లో 2,287 మంది, 2020లో వెలువడిన 'ఇస్కీమియా'లో 5,179 మంది. రెండోదాంట్లో మన దేశం వాళ్లూ ఉన్నారు. కొందరికి మందులే ఇచ్చారు, కొందరికి మందులతోపాటు స్టెంట్ వేశారు (ఇస్కీమియాలో కొందరికి బైపాస్ చేశారు). చావులు, గుండెపోట్లు అటూ ఇటూ దాదాపు ఒకటే. నొప్పి మాత్రం స్టెంట్ వేసినవాళ్లకి ఎక్కువ తగ్గింది. అందుకే మొదట అడగాల్సింది: "ఇది ఆయుష్షు కోసమా, నొప్పి తగ్గడం కోసమా?"

తర్వాత, లెఫ్ట్ మెయిన్‌లో (గుండె ఎడమవైపుకి రక్తమిచ్చే ప్రధాన నాళంలో) బ్లాక్ ఉందా, గుండె పంపింగ్ (ఒక్కో కొట్టుకోవడంలో గుండె బయటికి నెట్టే రక్తం శాతం) ఎంత అని అడగండి. లెఫ్ట్ మెయిన్‌లో ఉన్నా, పంపింగ్ 35 శాతం లోపున్నా లెక్క వేరు. అలాంటివాళ్లని ఇస్కీమియాలో చేర్చుకోలేదు. ఆ రెండూ లేకపోతే "కొన్నాళ్లు మందులతో చూద్దామా?" అనండి. ఇంకా మంచిది, యాంజియోగ్రామ్‌కి ముందే చెప్పేయడం: "అర్జెంటు కాకపోతే పరీక్ష వరకే చేయండి, మిగతాది బయటికొచ్చాక మాట్లాడుకుందాం." యాంజియోగ్రామ్ సీడీ తీసుకుని ఇంకో కార్డియాలజిస్టుకి చూపించండి. డాక్టరుకి కోపం వస్తుందేమోనని నేనైతే ఆగిపోయాను.

2017 ఫిబ్రవరిలో కేంద్రం మందుపూత స్టెంట్‌కి 29,600 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది. అంతకుముందు లక్ష దాటిన బిల్లులూ ఉండేవి. తర్వాత ఆ ధర మారుతూ వచ్చింది కాబట్టి ఇప్పుడెంతో కనుక్కోండి. బిల్లులో స్టెంట్ ధర, బ్రాండు, బ్యాచ్ నంబరు విడిగా రాయమనండి. అయితే చవకైనంత మాత్రాన అవసరమైపోదు. ఆరోగ్యశ్రీలో ఉచితంగా వేసినా ప్రశ్నలు ఇవే.

స్టెంట్ వేశాక రక్తం పలచబరిచే మాత్రలు సొంతంగా ఆపకూడదు. నాన్నకి నొప్పి తగ్గింది, కాదనను. గెడ్డం గీసుకుంటూ చిన్న గాటు పడిందా, పావుగంట దూది ఒత్తుకుని అరుగు మీద కూర్చుంటారు.