కారు సన్‌రూఫ్ పని నేర్చుకుందాం – 4వ భాగం: క్యాసెట్ దించడం, ఎక్కించడం

గత పాఠంలో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీశాం, పిల్లర్ ట్రిములు (డోర్ల పక్కన రూఫ్‌ను మోసే స్తంభాల మీది ప్లాస్టిక్ కవర్లు) విప్పాం, రూఫ్ లైనింగ్ దించి పెట్టాం. ఇప్పుడు తలెత్తి చూస్తే క్యాసెట్, అంటే సన్‌రూఫ్ భాగాలన్నీ ఒకటిగా ఉన్న సెట్టు, మొత్తం కనిపిస్తుంది. ఫ్రేము, రెండు పక్కలా పట్టాలు, మోటారు, నాలుగు మూలల నుంచి కిందికి దిగే సన్నటి నీటి పైపులు. మనం మాట్లాడేది మామూలు చిన్న సన్‌రూఫ్ గురించే. రూఫ్‌లో చాలా భాగం గ్లాసే ఉండే పనోరమిక్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు.

మొదట గ్లాసు తీయాలి. బ్యాటరీ తీసే ముందే దాన్ని పూర్తిగా మూసి ఉంచమన్నది ఇందుకే. సన్‌షేడ్ వెనక్కి జరిపి పక్క కవర్లు ఊడదీస్తే స్టార్ స్క్రూలు కనిపిస్తాయి. చాలా కార్లకు టీ25 బిట్ సరిపోతుంది. విప్పే ముందు ప్రతి స్క్రూ చుట్టూ మార్కర్‌తో గీత గీయండి. గ్లాసు ఎత్తు సరిచేసేది అక్కడే, ఆ గీతలుంటే తిరిగి బిగించేటప్పుడు సగం పని తప్పుతుంది. గ్లాసును పైనుంచి ఇద్దరు పట్టుకుని ఎత్తి, దుప్పటి మీద పడుకోబెట్టండి.

తర్వాత పైపులు. ఒక్కోదానికి టేపు అంటించి ‘ముందు ఎడమ’, ‘వెనక కుడి’ అని రాయండి. పాత రబ్బరు అతుక్కుపోయి ఉంటుంది, నేరుగా లాగితే చిరుగుతుంది. కాస్త తిప్పి, వదులయ్యాక లాగండి. మోటారు కనెక్టర్ తీశాక బోల్టుల సంగతి. ఇది ఒక్కరితో అయ్యే పని కాదు. తోడున్నవారు కింద పట్టుకున్నాకే చివరి బోల్టులు విప్పాలి. రూఫ్ అంచుల వెంట కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉన్న కార్లలో క్యాసెట్ వాటికి తగలకూడదు. ఫ్రేము వంగకుండా, సీట్లు వెనక్కి వాల్చి, వీలున్న డోరులోంచి బయటికి తీయండి.

అవసరం లేకపోతే మోటారును క్యాసెట్ నుంచి విడదీయకండి. దాని పళ్ల చక్రం రెండు కేబుళ్లను ఒకేసారి నడుపుతుంది. ఒక కేబుల్ ఒక్క పన్ను జరిగినా గ్లాసు వంకరగా నడిచి ఇరుక్కుంటుంది.

కారులోకి నీళ్లు కారుతున్నాయని చాలామంది ముందు గ్లాసు చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్‌ను మార్పిస్తారు. నిజానికి బీడింగ్ నీటిని పూర్తిగా ఆపదు. కొంత నీరు లోపలి కాలువలోకి దిగడం మామూలే. దాన్ని బయటికి పంపేది పైపులే. కానుగ, వేప చెట్ల కింద ఆపే కార్లలో పూలు, ఆకులు చేరి ఇవి మూసుకుపోతాయి. అప్పుడు కాలువ నిండి నీరు లైనింగ్‌లోకి, కాళ్ల దగ్గరి కార్పెట్‌లోకి దిగుతుంది. క్యాసెట్ బయట ఉండగానే మెత్తటి నైలాన్ తీగ దూర్చి పైపులు శుభ్రం చేయండి. కంప్రెసర్ గాలి గట్టిగా కొడితే లోపలి జాయింట్లు ఊడతాయి.

ఎక్కించేటప్పుడు అన్ని బోల్టులూ ముందు చేత్తోనే పట్టించి, ఫ్రేము సరిగ్గా కూర్చున్నాక ఎదురెదురుగా బిగించండి. ఎంత బిగువో మీ కారు సర్వీస్ మాన్యువల్ చెబుతుంది. పైపులు కలిపి క్లిప్పులు పెట్టండి. ఎక్కడా మడత పడకూడదు, ఎయిర్‌బ్యాగ్ మీదుగా పోకూడదు.

లైనింగ్ జోలికి పోకుండా ఇప్పుడే పరీక్ష పెట్టండి. ఒక్కో మూలలో గ్లాసెడు నీళ్లు మెల్లగా పోయండి. ముందు పైపుల నీరు ముందు డోరు, చక్రం దగ్గర, వెనక పైపుల నీరు వెనక చక్రం, బంపర్ దగ్గర నేల మీదికి రావాలి. నీరు కాలువలోనే నిలిచినా, పిల్లర్ లోపల తడి కనిపించినా ఆ పైపును మళ్లీ చూడాల్సిందే. లైనింగ్ బిగించాక తెలిస్తే పనంతా మొదటికొస్తుంది.

నాలుగు వైపులా నీరు సాఫీగా పోతే గ్లాసు పెట్టి, పాత గీతల దగ్గర స్క్రూలు తేలిగ్గా బిగించండి. ముందు అంచు రూఫ్‌తో సమంగా గానీ, ఓ మిల్లీమీటరు లోపు కిందికి గానీ ఉండాలి. వెనక అంచు సమంగా గానీ, అంతే పైకి గానీ ఉండొచ్చు. ముందు అంచు పైకి లేస్తే వేగంలో గాలి కొట్టుకుని ఈల మోగుతుంది. చూసుకున్నాకే పూర్తిగా బిగించండి.

లైనింగ్, ట్రిములు ఎక్కించి, ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్లన్నీ పెట్టాకే బ్యాటరీ కలపాలి. మోటారుకు గ్లాసు మూసిన స్థానం తిరిగి నేర్పడం వచ్చే పాఠంలో. అప్పటిదాకా సన్‌రూఫ్ స్విచ్ నొక్కకండి.