మొక్కల మీద బుడిపెలు, గొట్టాలు: కోసి చూశాకే మందు

ఆకు మీద బొబ్బ, వేరు మీద ముడి, వరిలో మొవ్వు స్థానంలో గొట్టం. ఇవన్నీ మొక్క తన కణజాలంతోనే కట్టినవి. కట్టించింది మాత్రం లోపల చేరిన మరో జీవి. అది ఈగ, నల్లి, నులిపురుగు, బాక్టీరియా, శిలీంధ్రం వీటిలో ఏదైనా కావచ్చు. ఒకదాని మందు ఇంకొకదానికి పనిచేయదు, బాక్టీరియా కణితికైతే ఏ మందూ పనిచేయదు. అందుకే మందుల షాపుకు వెళ్లే ముందు ఒక బ్లేడు, పదింతలు పెద్దగా చూపించే భూతద్దం తీసుకుని నాలుగైదు బుడిపెలను నిలువుగా కోయండి.

లోపల చిన్న గది, అందులో కాళ్లు లేని పురుగు ఉంటే ఈగ గాని, కందిరీగ జాతి గాని అయి ఉంటుంది. గది ఖాళీగా ఉండి పక్కన సూదిమొనంత రంధ్రం కనిపిస్తే పురుగు ఎగిరిపోయింది, ఇక దానికి మందు కొట్టడం దండగ. గది అనేదే లేకుండా లోపలంతా గట్టి కణజాలమైతే బాక్టీరియాను అనుమానించాలి. బుడిపె లోపల నూగులాగా వెంట్రుకలు ఉంటే నల్లి పని.

వరిలో మొవ్వు ఉల్లికాడలా గొట్టమైంది

ఇది ఉల్లికోడు. చాలామంది దీన్ని కాండం తొలిచే పురుగు దెబ్బతో కలిపేసి రెండింటికీ ఒకే మందు వాడతారు. తేడా తేలికే. కాండం తొలిస్తే మొవ్వు ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది, లాగితే ఊడి వస్తుంది, అడుగున కొరికిన గుర్తు ఉంటుంది. ఉల్లికోడులో మొవ్వు ఎండదు, లేతగా మెరిసే బోలు గొట్టంగా సాగుతుంది.

కారణం దోమంత ఈగ. ఆకుల మీద పెట్టిన గుడ్లు 3-4 రోజుల్లో పొదుగుతాయి. పిల్లపురుగు తడి ఆకు మీదుగా పాకి, తొడుగుల సందులోంచి దిగి, పిలక పెరిగే మొన దగ్గరకు చేరుతుంది. అది తింటున్నకొద్దీ ఆకు తొడుగు గొట్టంగా మారుతుంది, ఆ పిలకకు ఇక వెన్ను రాదు. ప్యూపా (పురుగు ఈగగా మారే ముందు దశ) గొట్టం కొనదాకా ఎగబాకి రంధ్రం చేస్తుంది, ఈగ ఎగిరిపోయాక దాని పొట్టు ఆ రంధ్రంలో వేలాడుతూ మిగులుతుంది. ఈ చక్రమంతా దాదాపు 3 వారాలు. అంటే గొట్టం కంటబడేసరికి ఆ పిలక పోయినట్టే. మందు వేసేది మిగిలిన పిలకలను కాపాడుకోవడానికి.

ముందు లెక్క తీయండి. మడిలో ఐమూలగా నడుస్తూ 20 దుబ్బుల్లో మొత్తం పిలకలు, గొట్టాలు విడివిడిగా లెక్కించండి. 240 పిలకల్లో 12 గొట్టాలుంటే 5 శాతం. పిలకలు వేసే దశలో అక్కడిదాకా వస్తే మందు వేయాలి. వెన్ను అంకురించే దశ దాటిన పొలంలో ఎన్ని గొట్టాలు కనిపించినా వేయకండి. అప్పటికి ఈగ చేయగలిగిన నష్టం అయిపోయింది.

అసలు పని నారుమడిలోనే మొదలవుతుంది. నారు పీకడానికి వారం ముందు సెంటు నారుమడికి 160 గ్రాముల కార్బోఫ్యూరాన్ 3 శాతం సిజి (పూత పూసిన) గుళికలు పలచగా నీరుంచి చల్లాలి. నాటాక 10-15 రోజులకు అవసరమైతే ఎకరాకు 10 కిలోలు ఇసుకతో కలిపి వేయాలి. ఇది తీవ్రమైన విషం. చేతికి తొడుగులు తప్పనిసరి, గుళికలు పక్షుల కంట పడకూడదు. పాత కరపత్రాల్లో కనిపించే ఫోరేట్ ఇప్పుడు నిషేధంలో ఉంది, ఎవరైనా ఇచ్చినా తీసుకోకండి.

గుళికలు వేసినా ఫలితం లేదంటే సాధారణంగా కారణం నీరు. పొడి మడిలో వేస్తే మందు కరగదు, పారే మడిలో వేస్తే పక్కవాళ్ల పొలానికి పోతుంది. మడిలో 2-3 సెంటీమీటర్ల నీరు నిలిపి, 4-5 రోజులు గట్టు తెగకుండా చూడాలి. పైన పిచికారీ చేస్తే పురుగుకు తగలదు, అది తొడుగుల అడుగున దాగి ఉంటుంది.

ఏటా వచ్చే పొలమైతే రకం మార్చడమే మంచి మార్గం. ఎర్రమల్లెలు, కావ్య, ఓరుగల్లు, సురేఖ, జగిత్యాల సన్నాలు ఉల్లికోడును తట్టుకునేవిగా వచ్చిన రకాలు. సాంబ మసూరి తట్టుకోదు. అయితే ఈగలోనూ తెగలున్నాయి. వరంగల్ తెగ వేరు, శ్రీకాకుళం తెగ వేరు. ఒకచోట నిలిచిన రకం మరోచోట లొంగిపోవచ్చు కాబట్టి మీ ప్రాంత పరిశోధన కేంద్రంలో అడిగి ఎంచుకోండి. ఆలస్యంగా నాటిన వానాకాలపు పొలాలకే దెబ్బ ఎక్కువ.

ఇంకో మాట. గొట్టం చీల్చినప్పుడు పురుగు ఉబ్బి, ఒంటినిండా చిన్న చిన్న గూళ్లు కిక్కిరిసి ఉంటే అది ప్లాటిగాస్టర్ అనే బుల్లి నల్ల కందిరీగ పని. ఉల్లికోడును చంపే మిత్రపురుగు అదే. చీల్చిన గొట్టాల్లో సగం ఇలా ఉంటే మందు ఆపేయడమే మేలు.

తడి ఉన్నా మధ్యాహ్నం వాడిపోతోంది, వేర్ల నిండా ముడులు

టమాటా, బెండ, వంగ, జామ, దానిమ్మ, పాలీహౌస్ కీర. చేనంతా కాక అక్కడక్కడా గుంపులుగా మొక్కలు పసుపెక్కి గిడసబారతాయి. మొక్కను పీకితే ముడులున్న సన్నవేళ్లు మట్టిలోనే తెగిపోతాయి, పారతో తవ్వి తీసి నీళ్లలో కడగండి. పప్పుజాతి మొక్కల్లో మంచి బుడిపెలు కూడా ఉంటాయి. అవి వేరు పక్కన అతుక్కుని గోటితో రుద్దితే రాలతాయి, లోపల గులాబీ రంగు. నులిపురుగు బుడిపె అలా రాలదు, వేరే ఉబ్బి ఉంటుంది.

కారణం మెలోయిడోగైన్ నులిపురుగు. ఒక్కో ఆడది వందల గుడ్లు పెడుతుంది, వెచ్చని నేలలో నెల తిరక్కుండానే కొత్త తరం వస్తుంది. నాటిన పంటలో దీన్ని పూర్తిగా వదిలించుకోలేం, తగ్గించుకోగలం అంతే. పంట అయిపోయాక వేర్లను దున్ని కలపకుండా ఏరి కాల్చండి. ఏప్రిల్-మే నెలల్లో రెండు వారాల తేడాతో రెండుమూడుసార్లు లోతుగా దున్నండి. నారుమడినైతే తడిపి, 25 మైక్రాన్ల పారదర్శక పాలిథిన్ షీటు అంచులు మట్టితో మూసి 4-6 వారాలు కప్పి ఉంచండి. నల్ల షీటు వేస్తే కింది మట్టి అంతగా వేడెక్కదు. ఎకరాకు 200 కిలోల వేపపిండి వేయండి. 100 కిలోల మాగిన పశువుల ఎరువులో నులిపురుగును చంపే పర్‌ప్యూరియోసిలియం శిలీంధ్రం 2 కిలోలు కలిపి, తడి ఆరకుండా 10-15 రోజులు నీడన ఉంచి చాళ్లలో వేయండి. పంట మార్పిడికి బంతి, నీరు నిలిచే వరి మంచివి. టమాటా తర్వాత వంగ, బెండ పెడితే పురుగుకు మళ్లీ తిండి పెట్టినట్టే.

నులిపురుగును తట్టుకునే టమాటా రకం తెచ్చినా ముడులు వచ్చాయా? విత్తనం నకిలీ అని తేల్చేయకండి. వాటిలో ఉండే ఎంఐ జన్యువు నేల వేడి 28 డిగ్రీలు దాటితే సరిగా పనిచేయదు. మన వేసవి నేలలు దానికంటే ఎక్కువే కాగుతాయి.

మిగిలినవి

గులాబీ, ద్రాక్ష మొక్క మొదలు దగ్గర గరుకైన కణితి: అగ్రోబాక్టీరియం అనే బాక్టీరియా. అది తన జన్యువుల్లో కొంత భాగాన్ని మొక్క కణాల్లోకి చొప్పిస్తుంది, ఆ తర్వాత బాక్టీరియా లేకపోయినా కణితి పెరుగుతూనే ఉంటుంది. యాంటీబయాటిక్ అందుకే పనిచేయదు. మొక్కను వేర్లతో తీసేసి, కత్తెరను ప్రతి మొక్కకూ స్పిరిట్‌తో తుడవండి. నర్సరీలో అంట్లు కొనేటప్పుడు మొదలు చూడకుండా తేవద్దు.

మల్లె ఆకుల మీద, మొగ్గల మీద తెల్లటి బొంత: ఎరియోఫిడ్ నల్లి. సోకిన కొమ్మలు కత్తిరించి, లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం సాయంత్రం పిచికారీ చేయండి. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది. పైరిత్రాయిడ్ మందులు నల్లిని పెంచుతాయి.

నువ్వులో మొగ్గలు మెలితిరిగి కాయ కాకపోతే కోడు ఈగ. మొగ్గ దశలోనే పట్టుకోవాలి, సోకిన మొగ్గలు ఏరి నాశనం చేయాలి.

కానుగ ఆకుల మీద వేలిలా లేచే బుడిపెలు నల్లి పనే, చెట్టుకు ప్రమాదం లేదు, వదిలేయండి. తునికాకు మీది బుడిపెలు సిల్లిడ్ పురుగువి. అవి చెట్టును చంపవు గానీ ఆ ఆకు బీడీకి పనికిరాదు, ఏటా పొదలు కొట్టి కొత్త చిగురు తెప్పించడమే దారి.

ఇంకా తేలకపోతే, రంధ్రం లేని బుడిపెలు పది గాజు సీసాలో వేసి పలుచని గుడ్డ కట్టి నీడన ఉంచండి. బయటికొచ్చిన ప్రతి పురుగూ దోషి కాదు. వరి గొట్టంలోంచి వచ్చే నల్ల కందిరీగ మిత్రుడు, జామాయిల్ నారు బుడిపెలోంచి వచ్చే బుల్లి కందిరీగ శత్రువు కావచ్చు. రెండు రకాలు వస్తే రెండింటినీ స్పిరిట్‌లో వేసి, ఏ మొక్క, ఏ భాగం, ఏ తేదీ అని చీటీ రాసి కృషి విజ్ఞాన కేంద్రానికి ఇవ్వండి.